ఇతరములు

దిగువమెట్ట గేటు దగ్గర
రాత్రి పదకొండు దాటాక
లారీలు తక్కువ, చలి ఎక్కువ.
గిద్దలూరు వైపు దీపం కనపడితే లేస్తాను.
నంద్యాల నుంచి వచ్చే బండికైతే
ఘాటు మలుపులోనే బ్రేకుల వాసన ముందొస్తుంది.

ఆ పిల్లోడు మోటార్ సైకిలు మీద వచ్చాడు.
హెల్మెట్ తీసి మరీ
"బాగుండావా అన్నా" అన్నాడు.
ఇన్నేళ్ళలో ఈ గేటు దగ్గర నన్నట్టా అడిగినోళ్ళు
వేళ్ళ మీద లెక్క.
అందుకే సంచి విప్పమనడానికి నోరు రాలేదు.

విప్పించాను. ఉద్యోగం.
ఒక తువ్వాలు, నెత్తికి కట్టుకునే టార్చి,
చిన్న గొడ్డలి,
మూడు టిఫిను డబ్బాలు.
"చపాతీలన్నా."
చపాతీలకు మూత మీద చిల్లులెందుకు?
సూది కాల్చి, వరసగా, ఓపిగ్గా పొడిచిన చిల్లులు,
లోపలిది చావకూడదని.
దొంగతనంలో అంత జాగ్రత్త
నేనెక్కడా చూళ్ళేదు.

రెండు ఖాళీ.
మూడోదాంట్లో తడి దూది మీద
అది.
టార్చి వేస్తే నీలం.
ఏం నీలమని చెప్పను,
నెమలి మెడ కాదు, శంఖుపువ్వు కాదు.
మా ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చిన రోజు
ఈదమ్మ అగ్గిపుల్ల గీసి వెనక్కి గెంతింది చూడు,
ఆ మంట అంచు.
అరచెయ్యంత సాలీడు.
ఎనిమిది కాళ్ళూ దగ్గరికి ముడుచుకుని
తన్ను తానే పొదువుకున్నట్టు.

"పులా ఏమన్నానా, పురుగే కదా" అన్నాడు.
దేశం కాని దేశంలో దానికెంతిస్తారో
ఫోనులో చూపించాడు.
నా మూడు నెలల జీతం.
(ఆ మూడు నెలలదీ ఇంకా రాలేదు.)
సగం నీకన్నాడు.
నేను కాసేపు మాట్లాడలేదు.
ఆ కాసేపు సంగతి ఈదమ్మకి కూడా చెప్పలేదు,
ఇక్కడ చెప్తున్నా.

తర్వాత అడిగాను: "ఏ చెట్టు?"
"ఏమో అన్నా. మైలురాయి దాటి, కొంచెం లోపలికి."
ఇల్లు పగలగొట్టినోడికి
ఇంటిపేరు తెలీదు.

మస్తానయ్య సారు వాణ్ణి జీపెక్కించాక
డబ్బా పట్టుకుని నడిచాను.
సొరంగం వైపు గూడ్సు పోతోంది, నేల అదిరింది.
డబ్బాలో అది కాలు కదిపింది.
రేకు మీద ఆ చిన్న గీత
నా చేతికి తెలిసింది.
తొర్రలో చెయ్యి పెట్టే ముందు తొర్రనడగాలి
అనేవాడు మా నాయన, తేనెకి పోయినప్పుడల్లా.
వీడెవర్నీ అడిగినట్టు లేదు.

వాసన పట్టి దొరికింది.
ఏగిస చెట్టు.
గొడ్డలి పడ్డ చోట ఎర్రగా కారి
బెరడు మీద గడ్డ కడుతోంది.
మేమా జిగురుని మందుకు వాడతాం.
ఆ రాత్రి మాత్రం మందని తోచలేదు.
తొర్ర నోరు నిలువునా చీలిపోయి,
పట్టు చినిగిన దుప్పటిలా వేలాడుతూ,
లోపల
బియ్యపుగింజంత పిల్లలు, వాడి కంటికి ఆననివి.
ఇంకా నీలం రాలేదు వాటికి.

మూత తీసి డబ్బా తొర్రకు ఆనించి కూర్చున్నా.
రాదు.
గంటకీ రాదు.
కునుకు పట్టింది, సిగ్గుచేటు, నిజం.
లేచేసరికి డబ్బాలో దూది ఒక్కటే.
లోపలికే పోయిందనుకుంటున్నా.
అనుకోవడం కాపలాలో సగం పని.

పొద్దున సారు తిట్టాడు,
"సాక్ష్యాన్ని వదిలేసొచ్చావా బయన్నా?"
ఫోటో ఉంది కదా సార్ అన్నా.
కాయితం తీశాడు. పులి, చిరుత, దుప్పి,
చందనం దుంగలు, వెదురు...
ఒక్కో గడీ కొట్టేసుకుంటూ కిందికి దిగి
"ఇతరములు" దగ్గర ఆగాడు.
ఆ గడి నాకు తెలుసు.
మా గూడెం లెక్కలు రాసుకోడానికొచ్చినాయన
ఒకసారి మమ్మల్నీ అందులోనే రాశాడు.

"ఎన్ని?" అన్నాడు సారు.
ఒకటి అన్నాను.
ఆయన అంకె వేస్తుంటే గుర్తొచ్చింది,
ఆగండి సార్,
పిల్లలున్నాయి లోపల,
లెక్కపెట్టలేదు.